లెక్కకు అందని లోపము: రక్తఫలకికల పరీక్షల చరిత్ర

వానకాలము వచ్చి డెంగీ జ్వరములు ప్రబలినప్పుడెల్ల మన ఊళ్ళలో ఒక ప్రశ్న ఇంటింట వినవచ్చును: "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నవి?" అక్షరము రాని ముదుసలి సయితము మనుమని పరీక్ష కాగితము చేతబట్టుకొని వేలు, లక్షలు పలుకును. ప్లేట్‌లెట్‌కు మన పుస్తకములలో రక్తఫలకిక అని పేరు. ఆ పేరు పుస్తకము గడప దాటి రాలేదు; వీధిలో నెగ్గినది ఇంగ్లీషు మాటయే. పేరు ఏదియైనను జనులకు తెలిసినది వాని లెక్క మాత్రమే. ఘన మిల్లీమీటరు నెత్తురులో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు అవి ఉండవలెననియు, మిక్కిలి తగ్గినచో అపాయమనియు ఇప్పుడు అందరును ఎరుగుదురు. లెక్క సరిగా ఉండియు ఫలకికలు తమ పని చేయని మనుష్యులు కలరని మాత్రము తక్కువమందికి తెలియును. ఈ ప్రసంగము వారిని గురించినది. వారిని గుర్తించుటకు వైద్యశాస్త్రము పడిన పాట్లను గురించినది.

ఎవరు వీరు? హీమోఫిలియా రోగులవలె వీరికి కీళ్ళలో నెత్తురు నిండి వాచుట సాధారణముగా ఉండదు. చిన్ననాట ముక్కు నుండి నెత్తురు తరచు కారును. మంచముకోడు తగిలినచో తొడపై కమిలిన మచ్చ ఏర్పడి, చాల దినములకు గాని మానదు. పండ్లు తోముకొన్నప్పుడు పందుంపుల్ల ఎర్రబారును. స్త్రీలకు బహిష్టు ఏడెనిమిది దినములకును విడువక, ఏటికేడు నెత్తురు తరిగి, మెట్లెక్కినచో ఆయాసము వచ్చు స్థితి ఏర్పడును. "మా యింటి ఆడువారందరకు ఇంతే" అని తల్లి చెప్పును. ఆమెకు ఆమె తల్లి అదే మాట చెప్పియుండును. వంశమున దిగివచ్చు లోపమునకు ఇంతకంటె మంచి మరుగు దొరకదు. ఇంటిల్లిపాదికి ఉన్నదానిని ఎవ్వరును వ్యాధి అనుకొనరు గదా. పన్ను పీకించుకొన్ననాడో, టాన్సిల్స్ కోయించుకొన్ననాడో, కాన్పునాడో అది అకస్మాత్తుగా బయటపడును. అప్పుడు వైద్యుడు నెత్తురు పరీక్ష చేయించును. ఫలకికల లెక్క సరిగా ఉన్నదని కాగితము వచ్చును. రోగి ఇంటికి పోవును.

లెక్కించుట మొదలైన తరువాత గాని లెక్క చాలదని తెలియలేదు. ఇటలీలోని టూరిన్ నగరమున జూలియో బిజ్జొజెరో అను ఆచార్యుడు 1882లో చేసిన పరిశీలనతో ఈ కథ మొదలగుచున్నది. ఎర్రకణములకంటె ఎంతో చిన్నవియై, మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు రెండు మూడింతలు మాత్రమే ఉండు ఈ రేణువులను అంతకు పూర్వము సూక్ష్మదర్శినిలో చూచినవారు లేకపోలేదు. వానిని చితికిన కణముల తుక్కు అని త్రోసివేసినవారును ఉండిరి. బిజ్జొజెరో గాజుపలకపై ఆరిన నెత్తురుతో తృప్తిపడలేదు. చిన్న జంతువుల ప్రేగులను అంటియున్న పలుచని పొరలో, ప్రాణముండగనే పారుచున్న నెత్తురును చూచెను. రక్తనాళము గోడకు గాయము చేసిన చోట మొట్టమొదట వచ్చి అంటుకొనునవి ఈ ఫలకికలే అని ఆయన కనుగొనెను. ఒకటి అంటును, దానిపై మరియొకటి అంటును, క్షణములలో గండి పూడును. తరువాత నెత్తురు గడ్డకట్టి ఆ కట్టను గట్టిపరచును. 1906లో అమెరికాలో జేమ్స్ హోమర్ రైట్, ఈ ఫలకికలు ఎముకల మూలుగలోని పెద్ద కణముల నుండి తునిగి పుట్టుచున్నవని చూపెను. పుట్టిన ఫలకిక ఏడు మొదలు పది దినములు బ్రదుకును. ఈ పది దినముల సంగతి మరల మనకు అవసరపడును.

పనిని కొలుచు తొలి పరీక్షలలో పేరుగన్నది 1910లో విలియం వాడెల్ డ్యూక్ అను అమెరికా వైద్యుడు ప్రకటించినది. పరికరములు ఒక చిన్న కత్తి, కొన్ని అద్దుడు కాగితములు, ఒక గడియారము. రోగి చెవితమ్మెపై చిన్న గాటు పెట్టి, అర నిముషమున కొకసారి కాగితమును తాకించి నెత్తురుచుక్కను అద్దుకొనవలెను. చుక్కలు క్రమముగా చిన్నవియగును. ఆరోగ్యవంతునకు ఒకటి మొదలు మూడు నిముషములలో ఆగిపోవును. కాగితముపై వరుసగా పడిన ఎర్రచుక్కలే ఆ రోగి చరిత్ర. ఫలకికలు మిక్కిలి తగ్గినవారిలో ఈ చుక్కలు ఆగకుండుటను డ్యూక్ చూచెను. వారికి ఇతరుల నెత్తురు ఎక్కించినప్పుడు ఫలకికల లెక్క పెరిగి, రక్తస్రావకాలము తగ్గుటయు చూచెను. నెత్తురు నిలుపు పనిలో ఫలకికల పాత్రకు మనుష్యుని శరీరములో దొరికిన స్పష్టమైన సాక్ష్యమది. అర్ధణా ఖర్చులేని ఈ పరీక్షయే దాదాపు ఎనుబది సంవత్సరములు లోకమున రాజ్యమేలినది.

డ్యూక్ రోగులలో లోపించినది సంఖ్య. సంఖ్య ఉండి పని లోపించినవారిని స్పష్టముగా వర్ణించినది స్విట్జర్లండ్ దేశములోని బెర్న్ నగరపు పిల్లల వైద్యుడు ఎడువార్డ్ గ్లాంజ్‌మన్. 1918లో ఆయన వర్ణించిన కొందరు రోగులకు ఫలకికలు కావలసినన్ని ఉండెను. నెత్తురు గడ్డయు కట్టెను. కాని గాయము నుండి నెత్తురు ఆగదు. ఆయన గమనించిన గుర్తు చాల సామాన్యమైనది. నెత్తురును గాజు గొట్టములో పోసి వెచ్చగా ఉంచినచో గడ్డకట్టి, కొన్ని గంటలలో ఆ గడ్డ ముడుచుకొని చిన్నదై, చుట్టును పసుపుపచ్చని తేట ఊరును; పెరుగు కోసిన చోట తేట ఊరినట్లే. గ్లాంజ్‌మన్ రోగుల నెత్తురుగడ్డ ముడుచుకొనలేదు. గొట్టము పోసినప్పుడెట్లుండెనో అట్లే నిండుగా ఉండెను. గడ్డను పట్టి బిగియించునవి ఫలకికలు. ఇక్కడ అవి ఉన్నవి గాని వానికి పట్టు లేదు. ఆయన ఈ వ్యాధికి ఫలకికల బలహీనత అను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ బలహీనత ఏమియో తెలియుటకు మరి 50 సంవత్సరములకు పైగా పట్టినది. 1974లో ఫ్రాన్సులో నర్డెన్, కాన్ అను వారు ఈ రోగుల ఫలకికల పైపొరలో ఒక మాంసకృత్తు లోపమును కనుగొనిరి. ఒక ఫలకిక మరియొకదాని చేయి పట్టుకొనుటకు కావలసిన చేయి అది.

గ్లాంజ్‌మన్ వ్యాధి తీవ్రమైనది, అరుదైనది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపములు కలిసినగాని బిడ్డకు రాదు. అందుచేతనే రక్తసంబంధముల వివాహములు ఆచారముగా ఉన్న ప్రాంతములలో ఇది అధికముగా కనిపించును. మేనరికములు, అక్కకూతురితో వివాహములు తరతరములుగా సాగిన మన దక్షిణదేశము అట్టి ప్రాంతములలో ఒకటి. కావున స్విట్జర్లండ్ వైద్యుని పేరుగల వ్యాధి మనకు దూరపుది కాదు.

ఇక బాల్టిక్ సముద్రమునకు పోవుదము. స్వీడన్, ఫిన్లండ్ దేశముల నడుమ ఆలండ్ అను ద్వీపసముదాయము కలదు. అందు ఫొగ్లో అను దీవి నుండి 1924లో ఐదేండ్ల బాలికను హెల్సింకి నగరములోని ఆసుపత్రికి కొనివచ్చిరి. ఆ పిల్ల అక్కచెల్లెండ్రలో కొందరు పసితనముననే నెత్తురు ఆగక మరణించియుండిరి. ఎరిక్ ఆడాల్ఫ్ ఫాన్ విల్లెబ్రాండ్ అను వైద్యుడు ఆ పిల్లను పరీక్షించి ఊరకొనక, ఆ వంశవృక్షమును తరచి చూచెను. ఆ బంధువర్గములో ఆయన పరిశీలించిన 66 మందిలో 23 మందికి ఈ లక్షణము ఉండెను. హీమోఫిలియా సాధారణముగా మగవారికి వచ్చును. ఇక్కడ బాధపడినవారిలో స్త్రీలే ఎక్కువ. 1926లో ఆయన స్వీడిష్ భాషలో ప్రకటించిన వ్యాసమున, ఇది హీమోఫిలియా కాదనియు, వేరొక వంశపారంపర్య వ్యాధి యనియు నిరూపించెను. ఆ బాలిక పదుమూడేండ్ల ప్రాయమున, సమర్తాడిన కొలది నెలలకే, బహిష్టు రక్తస్రావము ఆగక మరణించినది. వైద్యచరిత్రలో ఆమెకు లభించిన చోటు ఆమెకు ఏ విధమైన మేలును చేయలేదు.

ఫాన్ విల్లెబ్రాండ్ చేసిన పరీక్షలు మన కథకు ముఖ్యము. ఆ కుటుంబములో ఫలకికల లెక్క సరియే. నెత్తురు గడ్డకట్టు కాలము సరియే. డ్యూక్ పరీక్షలో రక్తస్రావకాలము మాత్రము మిక్కిలి పొడుగు. కావున దోషము ఫలకికల పనితనములోనో, రక్తనాళముల గోడలోనో ఉండవలెనని ఆయన తలచెను. తర్కమునకు అది సరియైన ఊహయే. కాని 1957లో స్వీడన్‌కు చెందిన ఇంగా మారీ నిల్సన్, బ్లోంబెక్ దంపతులు ప్రభృతులు, ఆరోగ్యవంతుల ప్లాస్మా నుండి తీసిన ఒక పదార్థమును ఎక్కించినచో ఈ వ్యాధిగలవారిలో రక్తస్రావము అదుపులోనికి వచ్చుచున్నదని చూపిరి. ఫలకికలు నిర్దోషులు! లోపించినది నెత్తురు ద్రవములోని ఒక మాంసకృత్తు. తెగిన గోడకు ఫలకికలను అంటించు బంక అది. గోడ కూలినప్పుడు లోపించినది ఇటుకయో, సున్నమో చెప్పలేని పరీక్ష డ్యూక్ పరీక్ష. ముప్పది యేండ్లపాటు ఇటుకలపై నింద పడినది. ఆ వ్యాధి నేడు ఫాన్ విల్లెబ్రాండ్ పేరిటనే పిలువబడుచున్నది. వంశపారంపర్య రక్తస్రావ వ్యాధులలో ఇదియే అత్యధికముగా కానవచ్చునది. ఇది సోకినవారిలో ఎక్కువమందికి స్వల్పముగానే ఉండును. స్వల్పమగుటచేతనే పెక్కుమందికి తమకు ఉన్నదని తెలియదు.

ఫలకికలను మనుష్యుని చర్మము నుండి వేరుచేసి, గాజు గొట్టములో వాని పనిని చూచు మార్గము కావలసివచ్చినది. ఆ మార్గమునకు తాళపుచెవి నార్వేలో దొరికినది. ఓస్లో నగరమున హెల్లెమ్ అను పరిశోధకుడు, గాజు పూసలు నింపిన గొట్టము గుండ నెత్తురును పంపి, పూసలకు ఎన్ని ఫలకికలు అంటుకొన్నవో లెక్కించెను. ఎర్రకణములలోని ఏదో చిన్న పదార్థము ఈ అంటుకొనుటను ప్రేరేపించుచున్నదని 1960లో ఆయన ప్రకటించెను. మరుసటి సంవత్సరము గార్డర్, హెల్లెమ్, ఓరెన్ ప్రభృతులు ఆ పదార్థమేదియో తేల్చిరి: అడినోసిన్ డైఫాస్ఫేట్, సంగ్రహముగా ఏ.డీ.పీ.

ఈ పేరు వినగనే తెలుగువారు ఒక క్షణము ఆగవలసియున్నది. ఏ.డీ.పీ.కి తల్లివంటిది ఏ.టీ.పీ.; మూడు ఫాస్ఫేటులలో ఒకటి విడిపోయినచో మిగులునది ఏ.డీ.పీ. ఆ ఏ.టీ.పీ.ని 1929లో అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు, 1895లో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ సయితము వేరుగా దానిని కనుగొనెను. ఫాస్ఫరస్‌ను రంగునుబట్టి కొలుచు ఫిస్కే, సుబ్బారావుల పద్ధతి 1925 నాటిది. జీవరసాయన ప్రయోగశాలలలో తరతరముల విద్యార్థులు దానిని అభ్యసించిరి. సుబ్బారావు 1948లో గతించెను. తాను కండరములో చూచిన పదార్థపు బిడ్డ నెత్తురును నిలుపునని ఆయన వినలేదు. ఆయన కనుగొన్నది ఈ కథలో ముందు ముందు మరియొకసారి వచ్చును.

నార్వేవారి వార్త లండన్‌లో ఒకనికి చెవిని పడినది. గుస్తావ్ బోర్న్ 1921లో జర్మనీలోని గొట్టింగెన్‌లో జన్మించెను. తండ్రి సుప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్ బోర్న్. 1933లో హిట్లరు ప్రభుత్వము యూదుల ఉద్యోగములు ఊడబెరికినప్పుడు ఆ కుటుంబము ఇంగ్లండు చేరెను. సర్ సి. వి. రామన్ ఆహ్వానముపై మాక్స్ బోర్న్ 1935-36లో కొన్ని నెలలు బెంగుళూరులో గడపిన సంగతి మన పెద్దలకు తెలిసినదే. కుమారుడు వైద్యము చదివి బ్రిటిషు సైన్యమున చేరెను. యుద్ధానంతరము జపానులో ఉన్నప్పుడు, హిరోషిమా బాంబువాత పడినవారిలో మూలుగ నశించి, ఫలకికలు లేక నెత్తురోడుచున్న మనుష్యులను తాను చూచినట్లును, తన ఆసక్తికి అదియే మూలమైనట్లును ఆయన అనంతరకాలమున చెప్పెను.

1962లో బోర్న్ ప్రకటించిన యుక్తి ఎంత తేలికయో చూడుడు. రోగి నెత్తురును గడ్డకట్టకుండ సిట్రేట్ కలిపి, మెల్లగా గిరగిర త్రిప్పినచో ఎర్రకణములు అడుగునకు దిగును. పైన ఫలకికలతో నిండిన ప్లాస్మా నిలుచును. అది బియ్యము కడిగిన నీటివలె కలకబారియుండును. దానికి ఒక ప్రక్క దీపము, మరియొక ప్రక్క వెలుతురును కొలుచు సాధనము. శరీరపు వేడిమియగు 37 డిగ్రీలలో ఉంచి కలుపుచుండగా, కొంచెము ఏ.డీ.పీ. చేర్చవలెను. ఫలకికలు ఒండొంటిని పట్టుకొని గుంపులగును. పాలు విరిగినప్పుడు ముద్దలు ఒకవైపు, తేట ఒకవైపు అగునట్లు, కలక విరిగి వెలుతురు ఎక్కువగా దాటిపోవును. దాటిన వెలుతురును కలము కాగితముపై గీయును. ఫలకికలు ఎంత వేగముగా, ఎంత గట్టిగా, ఎంతసేపు గుంపుకట్టినవో ఆ గీతయే చెప్పును. అదే సంవత్సరము ఇంగ్లండులోనే పోర్ట్స్‌మత్ నగరపు వైద్యుడు ఓబ్రయన్ కూడ ఇట్టి పద్ధతినే స్వతంత్రముగా ప్రకటించెను. బోర్న్ 2018లో మరణించెను. ఆయన పరీక్ష నేటికిని ఈ రంగమున మూలస్తంభమే. యంత్రములు మారినవి గాని దీపము, కలక, తేట మారలేదు.

స్వల్ప లోపముల రహస్యము ఈ గీతలోనే బయటపడినది. ఏ.డీ.పీ. తగు మోతాదులో చేర్చినప్పుడు గీత రెండు తరంగములుగా ఎక్కును. మొదటిది బయటనుండి వచ్చిన పిలుపునకు సమాధానము. రెండవది, ఫలకికలు తమ కడుపులోని సంచులను విప్పి తమ ఏ.డీ.పీ.ని వెదజల్లి, ఇంకను రాని వానిని పిలుచుకొనుట. కొందరిలో మొదటి తరంగము చక్కగా వచ్చి, రెండవది రాక, గీత మరల క్రిందికి జారిపోవును. వచ్చినవారు నిలువక తిరిగిపోయినట్లన్నమాట. పెద్ద గండి పడనంతవరకు అట్టివారికి బాధ తెలియదు. పన్ను పీకిననాడు తెలియును.

ఇక్కడ ఆస్పిరిన్ ప్రవేశించుచున్నది. తలనొప్పికి ఇంటింట వాడిన ఈ బిళ్ళ ఆరోగ్యవంతుని ఫలకికలలో కూడ ఆ రెండవ తరంగమును చంపునని 1967-68 ప్రాంతమున హార్వే వైస్, ఓబ్రయన్ మొదలగువారు చూపిరి. అంతకు పూర్వమే కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అను సామాన్య వైద్యుడు, టాన్సిల్స్ కోసిన తరువాత ఆస్పిరిన్ కలిపిన జిగురును విరివిగా నమిలిన రోగులకు నెత్తురు అధికముగా కారుటను గమనించియుండెను. ఆస్పిరిన్ ఎట్లు పనిచేయునో 1971లో జాన్ వేన్ వివరించెను. అందులకు 1982లో నోబెల్ బహుమానములో భాగము వచ్చెను. ఆస్పిరిన్ తాకిన ఫలకిక బ్రదికినంతకాలము కోలుకొనదు. పది దినములకు క్రొత్త ఫలకికలు పుట్టినగాని సరిపడదు. కాబట్టి పరీక్షకు ముందు పది దినములపాటు ఆస్పిరిన్‌గాని, అది కలిసిన మందుగాని వాడియుండరాదని నియమము. నొప్పి బిళ్ళను మందుగా లెక్కించు అలవాటు మనకు లేదు. "ఏ మందును వాడుటలేదు" అని చెప్పి పరీక్షకు కూర్చుండువారిలో దినమున కొక బిళ్ళ మ్రింగువారు ఉందురు. అట్టివారికి లేని వ్యాధి అంటగట్టబడును.

విషము గీటురాయియైన ముచ్చట ఒకటి చెప్పవలసియున్నది. రిస్టోసెటిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము 1950 దశాబ్దమున వాడుకలోనికి వచ్చెను. రోగులలో ఫలకికలు తరిగిపోవుచుండుటచే దానిని విడిచిపెట్టిరి. 1971లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మార్గరెట్ హోవర్డ్, బారీ ఫిర్కిన్ ఆ దుర్గుణమునే పనికి పెట్టిరి. గొట్టములో రిస్టోసెటిన్ చేర్చినచో ఆరోగ్యవంతుని ఫలకికలు గుంపుకట్టును. తీవ్రమైన ఫాన్ విల్లెబ్రాండ్ వ్యాధి కలవారి ఫలకికలు కదలవు. దానికి ఆరోగ్యవంతుని ప్లాస్మా కలిపినచో కదలును. బంక లోపించినదని అప్పుడు తేలును. ప్లాస్మా కలిపినను కదలనిచో లోపము ఫలకికలోనే ఉన్నది; 1948లో ఫ్రాన్సులో బెర్నార్, సూలియే వర్ణించిన పెద్ద ఫలకికల వ్యాధి అట్టిది. ఆలండ్ దీవుల వంశమున ముప్పది యేండ్లు తేలని ప్రశ్న ఇప్పుడు ఒక్క పూటలో తేలుచున్నది.

రెండవ తరంగము రానివారిలో కొందరికి ఫలకికల కడుపులోని సంచులే ఖాళీయని 1970 నాటికి వైస్ మొదలగువారు తెలిసికొనిరి. ఆ సంచులలో ఏ.డీ.పీ.తోబాటు ఏ.టీ.పీ. కూడ ఉండును. దానిని కొలుచుటకు మిణుగురు పురుగు తోడ్పడినది. మిణుగురుల వెలుగునకు ఏ.టీ.పీ. ఆవశ్యకమని 1947లో అమెరికాలో విలియం మెక్ఎల్‌రాయ్ చూపెను. పరిశోధనకు కావలసిన పురుగులకై బాల్టిమోర్ పిల్లలకు నూటికి 25 సెంట్లు చొప్పున ఆయన చెల్లించిన కథ ప్రసిద్ధము. మిణుగురు సారమును ఫలకికల గొట్టములో చేర్చినచో, అవి సంచులు విప్పిన క్షణమున గొట్టము మెరయును. ఎంత మెరసిన అంత ఏ.టీ.పీ. సంచులు ఖాళీయైనచో చీకటియే. గుంపుకట్టు గీత సరిగానే వచ్చినను, సంచులు ఖాళీగా ఉన్న రోగులు లేకపోలేదని 1987లో ప్రకటితమైన ఒక పరిశీలన తెలిపినది. బోర్న్ పరీక్షలో నెగ్గినవారు మిణుగురు పరీక్షలో పట్టుబడిరి. భీమవరపు శాస్త్రజ్ఞుడు కనుగొన్నది రెండవమారు వచ్చునని మేము చెప్పినది ఇదియే.

ఈ మధ్యకాలమున డ్యూక్ పరీక్ష సంగతి ఏమైనది? దానిని బాగుచేయుటకు ఎందరో పాటుపడిరి. 1935లో ఐవీ చెవితమ్మెను విడిచి ముంజేతికి మార్చెను. దండచేతికి రక్తపుపోటు పట్టీ కట్టి 40 మిల్లీమీటర్ల ఒత్తిడి నిలిపెను. 1969లో మీల్కే గాటు లోతును ఒక మిల్లీమీటరునకు కట్టడిచేయు పలకను ప్రవేశపెట్టెను. ఐనను గాటు పెట్టు చేయి, చర్మపు మందము, గదిలోని చలి ఫలితమును మార్చుచునే ఉండెను. శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రులలో అలవాటుగా ఈ పరీక్ష చేసి, సరిగా ఉన్నదని వ్రాసికొని కత్తి పట్టుచుండిరి. 1990లో రాడ్జర్స్, లెవిన్ అనువారు వైద్యపత్రికలలోని పరిశోధనలను గాలించి, ఆ పరీక్ష ఫలితమునుబట్టి శస్త్రచికిత్సలో నెత్తురు ఎంత పోవునో ముందుగా చెప్పుట సాధ్యము కాదని తేల్చిరి. 1998లో అమెరికాలోని రోగనిర్ణయశాస్త్ర సంఘములు అదే అభిప్రాయమును ప్రకటించెను. నెమ్మదిగా ఆసుపత్రులు దానిని విడిచినవి. మా అభిప్రాయమున డ్యూక్‌కు ఇందువలన కీర్తి తరుగదు. ఆయన ఫలకికలు లేనివారికై చేసిన పరీక్షను, ఉండి పనిచేయనివారిపైనను, ఏ లోపమును లేనివారిపైనను ప్రయోగించినది తరువాతివారు.

దాని స్థానమున సన్నని రంధ్రము గుండ నెత్తురును పీల్చి, ఆ రంధ్రము పూడుటకు పట్టు కాలమును కొలుచు యంత్రము 1990 దశాబ్దమున వచ్చినది. అది సులభము, శీఘ్రము. తీవ్రమైన లోపములను చక్కగా పట్టును. స్వల్పమైనవానిని తరచుగా వదలివేయును. మనకు కావలసినవారే దాని చేతినుండి జారిపోవుచున్నారు.

బోర్న్ పరీక్షకు ఒక పెద్ద చిక్కు కలదు. షుగరు పరీక్షకు, కొవ్వు పరీక్షకు నెత్తురును సీసాలోపెట్టి పట్టణమునకు పంపవచ్చును. ఫలకికలు ప్రాణముగల వస్తువులు. తీసిన నాలుగు గంటలలోపల పరీక్ష ముగియవలెను. చల్లని పెట్టెలో పెట్టరాదు. సూది గ్రుచ్చుటలో తొందరపడినను, సీసాను గట్టిగా కుదిపినను అవి ముందే మేల్కొని, పరీక్షనాటికి అలసియుండును. కావున నెత్తురు కాదు, రోగియే ప్రయోగశాలకు పోవలెను. ఈ పరీక్ష చేయగల ప్రయోగశాలలు సాధారణముగా పెద్ద నగరములలోనివే. పల్లెటూరి స్త్రీ బహిష్టు బాధకై ఒక దినము కూలి మానుకొని, పది దినములు నొప్పిబిళ్ళ మానుకొని, నగరమునకు పోయి, "పెద్ద ప్రమాదమేమియు లేదు" అను మాట వినుటకు ఎంతమాత్రము ఉత్సహించును? ఆ లోపము తెలియక గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు లోకమున కలరు. అది అక్కరలేని శస్త్రచికిత్స కావచ్చును. పైగా నెత్తురు నిలువనివారికి చేయు శస్త్రచికిత్స.

ప్రయోగశాలలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఈ పరీక్ష చేయుచుండుటచే, అంతర్జాతీయ సంఘము 2013లో ఏ మందు ఎంత మోతాదులో చేర్చవలెనో నియమములు ప్రకటించెను. అంతకు మూడేండ్ల ముందు, 2010లో, అదే సంఘము వేరొక సాధనమును ప్రకటించియుండెను. దానికి దీపము లేదు, గొట్టము లేదు. అది ప్రశ్నల పట్టిక. ముక్కు నుండి నెత్తురు ఏటికి ఎన్నిసార్లు? పది నిముషములు మించునా? పన్ను పీకినప్పుడు కుట్టు వేయవలసివచ్చెనా? కాన్పులో నెత్తురు ఎక్కించిరా? ఒక్కొక్క జవాబునకు ఒక్కొక్క అంకె, వానిని కూడుదురు. మగవారికి నాలుగు, పిల్లలకు మూడు, స్త్రీలకు ఆరు వచ్చినచో పరీక్షలకు పంపదగును. బహిష్టులు, కాన్పులు గల శరీరమునకు హద్దు వేరుగా ఉండవలెనని ఈ పట్టికను పరిశీలించినవారు గుర్తించిరి. "మా యింటి ఆడువారందరకు ఇంతే" అను మాటకు ఇన్నాళ్ళకు ఒక కొలబద్ద దొరికినది. తీరిక గల నర్సు ఎవరైనను అడుగగల ప్రశ్నలివి.

ఈ పట్టికలో ఎక్కువ అంకెలు వచ్చి, బోర్న్ గీత, రిస్టోసెటిన్, మిణుగురు, ప్లాస్మా పరీక్షలు అన్నియు సరిగా ఉన్నవారు మిగిలిరి. వియన్నా నగరమున స్వల్ప రక్తస్రావముగల కొన్ని వందలమందిని శ్రద్ధగా పరీక్షించినప్పుడు సగమునకు మించినవారికి ఏ కారణమును దొరకలేదు. వైద్యులు దీనిని కారణము తెలియని రక్తస్రావ వ్యాధి అని వ్రాయుచున్నారు. పూర్వమైనచో "నీకేమియు లేదు" అని పంపివేసియుందురు. ఇప్పుడు వ్యాధి ఉన్నదని ఒప్పుకొని, పేరు తెలియదని వ్రాయుచున్నారు. ఈ మార్పు సామాన్యమైనది కాదని మాకు తోచుచున్నది.

ఎందుకనగా చికిత్స పేరుకొరకు ఆగదు. ట్రానెక్సామిక్ ఆమ్లము అను మందును జపానులో ఉటాకో ఒకమోటో అను వైద్యురాలు, ఆమె భర్త షోసుకే ఒకమోటో 1962లో ప్రకటించిరి. బోర్న్ గీత వెలువడిన సంవత్సరమే అది. కట్టిన నెత్తురుగడ్డ త్వరగా కరగిపోకుండ అది కాపాడును. వెల తక్కువ. మన ప్రభుత్వాసుపత్రులలో కాన్పుగదులకు సయితము అది క్రొత్తది కాదు. లోపము ముందుగా తెలిసినవారికి పన్ను పీకుటకు ముందు, శస్త్రచికిత్సకు ముందు, బహిష్టు దినములలో వైద్యులు ఆ మాత్రలనే ఇచ్చుచున్నారు. అన్ని పరీక్షలలో నెగ్గి, పేరు దొరకనివారికిని అవే మాత్రలు.